టైల్స్ పగలగొట్టే ముందు: ఇంట్లో కనిపించని నీటి లీకును ఎలా పట్టుకోవాలి?

"రాత్రి ట్యాంకు నింపి పడుకుంటే తెల్లారేసరికి సగానికి దిగిపోతోంది. ఇంట్లో ఎక్కడా తడి లేదు." "హాల్లో గోడ రంగు ఉబ్బుతోంది. బాత్రూము టైల్స్ మొత్తం తీయాలంటున్నారు, తీయించమంటారా?" శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఈ రెండే. రెండో ప్రశ్నకి నా జవాబు ఎప్పుడూ ఒకటే: ఇప్పుడే వద్దు.

తడి కనిపించిన చోటే లీకు ఉందనుకోవడంతో అనవసర ఖర్చు మొదలవుతుంది. నీళ్ళు పైపు వెంట, స్లాబులో వేసిన కరెంటు గొట్టాల వెంట, టైల్స్ కింద ఇసుకలోంచి నడిచి, దారి దొరికిన చోట బయటపడతాయి. అందుకే ముందు కొలవాలి, తర్వాత ఒక్కో లైనునీ విడదీయాలి, చివర్న పగలగొట్టాలి. ఈ వరస తప్పితే బాగున్న బాత్రూము పాడవుతుంది, చెమ్మ మాత్రం అక్కడే ఉంటుంది.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు "కుళాయిలన్నీ కట్టేసి వాటర్ మీటరు చూడండి" అంటాయి. మన దగ్గర చాలా ఇళ్ళకి మీటరే లేదు. బోరు, సంపు, డాబా మీద ట్యాంకు, ఇదీ మన ఏర్పాటు. కాబట్టి మనం కొలవాల్సింది ట్యాంకుని.

1. ఇంటి నీటి దారిని కాగితం మీద గీయండి

బోరు లేదా మునిసిపల్ కుళాయి దగ్గర మొదలుపెట్టి సంపు, మోటారు, ట్యాంకు, అక్కణ్ణించి దిగే లైన్లు అన్నీ గీయండి. డాబా ఎక్కి ట్యాంకు నుంచి ఎన్ని పైపులు దిగుతున్నాయో చూడండి. ఒక్కో వాల్వూ కట్టి, కింద ఏ కుళాయి ఆగిందో చూసి, ఆ వాల్వు పక్కన పెయింటుతో "వంటగది", "మేడ మీద బాత్రూము" అని రాసేయండి. ఈ పని ఒక్కసారి చేస్తే ఇల్లు ఉన్నన్నాళ్ళూ పనికొస్తుంది.

పైపు ఏ రకమో కూడా రాయండి. పాత ఇళ్ళలో జీఐ ఇనుప పైపు, తర్వాత వాటిలో తెల్లటి పీవీసీ, ఈమధ్య కట్టినవాటిలో లేత పసుపు సీపీవీసీ ఎక్కువగా ఉంటాయి. ప్లాస్టిక్ పైపయితే ముందుగా జాయింట్లని అనుమానించాలి. జీఐ అయితే ఎక్కడైనా తుప్పు తినేయొచ్చు, ముఖ్యంగా నేలలో పాతిన చోట. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరం ఊళ్ళలో ఉప్పుగాలికి బయట ఉన్న ఇనుప పైపు కూడా తొందరగా పోతుంది.

మంచినీటి పైపులు గీసి ఆపేయకండి. బాత్రూము తూము, కమోడ్ లైను, వాషింగ్ మెషీన్ నీళ్ళు పోయే పైపు, ఆర్‌వో వ్యర్థజలం పైపు, ఏసీ నీళ్ళ గొట్టం, స్లాబు మీద వాననీటి పైపు, ఇవన్నీ బొమ్మలో ఉండాలి. గోడలోంచి వేసిన ఏసీ గొట్టాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. వేసవిలో మాత్రమే చెమ్మ వచ్చే గోడకి చాలాసార్లు కారణం అదే.

కింది అంతస్తు ఒకసారి, మేడ కొన్నేళ్ళ తర్వాత కట్టిన ఇళ్ళయితే, అప్పట్లో పని చేసిన తాపీమేస్త్రిని ఒకసారి పిలిచి అడగండి. పైపు ఎటునుంచి ఎటు తిప్పారో ఆయనకి గుర్తుండొచ్చు. కట్టేటప్పుడు ఫోన్లో తీసిన ఫొటోలుంటే అవి కూడా వెతకండి.

2. దగ్గర ఉంచుకోవాల్సినవి

- మార్కరు, సుద్దముక్క, పెన్సిలు, కొలత టేపు
- ట్యాంకు అడుగుదాకా అందే పొడి కర్ర
- మిఠాయిల్లో వాడే రంగు, టిష్యూ కాగితాలు
- పాలిథీన్ షీటు, వెడల్పాటి టేపు
- టార్చి, పొడవాటి స్క్రూడ్రైవరు
- కుళాయి తీసిన చోట బిగించడానికి అరంగుళం ప్లగ్గులు
- ఒక నోటుబుక్కు

స్విచ్‌బోర్డు ఉన్న గోడ తడిగా ఉంటే మిగతావన్నీ ఆపండి. మెయిన్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వానరోజుల్లో, లేదా గీజరు వాడినప్పుడు ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరా ఆపేసే స్విచ్) పదేపదే పడిపోతుంటే దాన్ని బలవంతంగా పైకి నెట్టి వాడకండి. ఎక్కడో నీళ్ళు వైరుని తాకుతున్నాయనడానికి అది ఒక హెచ్చరిక.

3. తడి ఎప్పుడు పెరుగుతోందో ఒక వారం రాయండి

ఇది ఖర్చు లేని పని. అందుకే అందరూ వదిలేస్తారు. నేను మాత్రం దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

చెమ్మ అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ, టైము రాయండి. రోజూ పొద్దున, రాత్రి చూడండి. అంచు గీత దాటితే కొత్త గీత. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో నోటుబుక్కులో రాయండి: వాన పడిందా, బట్టలు ఉతికారా, మేడ మీద వాళ్ళు ఊరెళ్ళారా, ఏసీ ఎంతసేపు వేశారు.

వారం తర్వాత ఇలా చదవండి:

- వాడినా వాడకపోయినా, ఎండకాలమైనా వానకాలమైనా తడి ఒకేలా ఉంటే మంచినీటి లైను. అందులో నీళ్ళు 24 గంటలూ నిండి ఉంటాయి కదా.
- స్నానాలయ్యాక, బట్టలు ఉతికాక పెరిగి, ఇల్లు ఖాళీగా ఉన్న రోజుల్లో ఆరిపోతే డ్రైన్ పైపు గానీ, బాత్రూము నేల గానీ.
- వాన తర్వాతే వస్తే స్లాబు, పిట్టగోడ, కిటికీ అంచు, బయటి గోడ.
- గోడ అడుగున, నేల నుంచి సుమారు మీటరు ఎత్తు లోపల, పొడవునా అలలాంటి గీతగా ఉండి తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అది నేల నుంచి పీల్చుకుంటున్న చెమ్మ. దానికి ప్లంబరుతో పని లేదు.
- ఉక్కపోత రోజుల్లో మాత్రమే గోడ చెమర్చినట్టుంటే, కట్టినప్పుడు వాడిన ఇసుకలో ఉప్పుందేమో అనుమానించండి. ఉప్పు గాల్లోని తేమని లాగుతుంది. తీరం దగ్గర ఇళ్ళలో ఇది ఉంటుంది.

అరసవల్లి రోడ్డు వైపు ఒక ఇంట్లో పూజగది గోడ తడిసేది. ఆ గోడలో గానీ, దాని పైన గానీ ఒక్క పైపు కూడా లేదు. పెన్సిలు గీతలు చూస్తే అంచు పెరిగిన రోజులన్నీ మేడ మీద వాషింగ్ మెషీన్ వేసిన రోజులే. మెషీన్ గొట్టాన్ని గోడలోని పైపులో రబ్బరు బిగింపు లేకుండా వదులుగా దోపారు. ఉధృతంగా నీళ్ళు వదిలిన ప్రతిసారీ కొన్ని వెనక్కి పొర్లి, టైల్ సందులోంచి దిగి, స్లాబులోని కరెంటు గొట్టం వెంట పూజగది దాకా నడిచాయి. ఒక రబ్బరు కాలరుతో ఆగిపోయింది. గీతలు గీయకపోతే పూజగది పైనున్న గది నేల తవ్వేవారు.

ఒక అనుమానం మిగిలితే పాలిథీన్ పరీక్ష చేయండి. తడిగా అనిపించే గోడ మీద అడుగున్నర చదరం షీటు నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించి ఒక రాత్రి ఉంచండి. షీటు లోపలివైపు నీటి బొట్లు పడితే తేమ గోడలోంచి వస్తోంది. బయటివైపు మాత్రమే పడితే అది గదిలోని గాలి తేమ.

4. ట్యాంకు పరీక్ష: రాత్రికి ఎంత దిగుతోంది?

అందరూ పడుకున్నాక చేయాలి. చుట్టాలు వచ్చిన వారంలో వద్దు. పైడితల్లి జాతర, సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరంలో తీసిన లెక్క దేనికీ పనికిరాదు.

(అ) ట్యాంకు నింపి మోటారు ఆపండి. ఆటోమేటిక్ స్విచ్ ఉంటే దాన్ని కూడా ఆపండి, లేకపోతే రాత్రి మధ్యలో అదే నింపేస్తుంది. మునిసిపల్ నీళ్ళు నేరుగా ట్యాంకుకి ఎక్కుతుంటే ఆ వాల్వు కట్టండి.

(ఆ) పావుగంట ఆగి, నీళ్ళు కదలడం మానేశాక కర్రకి సుద్ద పూసి నిటారుగా అడుగు తాకేదాకా దించండి. తడిసిన చోట సుద్ద రంగు మారుతుంది. కొలిచి రాయండి. కర్ర దించిన చోట ట్యాంకు మూతి మీద మార్కరుతో గుర్తు పెట్టండి, మళ్ళీ అక్కడే దించాలి.

(ఇ) ఇంట్లో అందరికీ చెప్పండి: రాత్రి బాత్రూముకి వెళ్తే బకెట్లో ముందే పట్టిన నీళ్ళే వాడాలి. ఒక్క ఫ్లష్ నొక్కినా లెక్క పోతుంది.

(ఈ) పొద్దున్నే, కుళాయి ఏదీ తిప్పకముందే మళ్ళీ కొలవండి.

గుండ్రటి ట్యాంకయితే నీటిమట్టం దగ్గర అడ్డంగా కొలిచి, అందులో సగం తీసుకోండి. సగాన్ని సగంతో గుణించి, 3.14తో గుణించి, దిగిన సెంటీమీటర్లతో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. అడ్డం కొలత 110 సెంటీమీటర్లుంటే ఒక్క సెంటీమీటరు దిగితే దాదాపు 9.5 లీటర్లు. 8 గంటల్లో అంత పోతే రోజుకి 28 లీటర్ల పైమాటే. సిమెంటు ట్యాంకయితే పొడవు, వెడల్పు, దిగిన ఎత్తు గుణించి 1000తో భాగించండి. 150, 120 కొలతల ట్యాంకులో సెంటీమీటరుకి 18 లీటర్లు.

అసలు దిగకపోతే సంతోషించండి. మంచినీటి లైన్లు దాదాపు బాగున్నట్టే. నేరుగా 8వ దశకి వెళ్ళండి.

5. వాల్వులతో ఒక్కో లైనునీ విడదీయండి

ట్యాంకు దిగుతోందని తేలింది. ఇప్పుడు ఏ దారిన దిగుతోందో చూడాలి.

మొదటి రాత్రి ట్యాంకు కింద వాల్వులన్నీ కట్టేసి కొలవండి. అయినా దిగితే ట్యాంకుదే తప్పు, లేదా నీళ్ళు మోటారు పైపులోంచి వెనక్కి పోతున్నాయి (7వ దశ). దిగకపోతే రెండో రాత్రి ఒక్క వంటగది వాల్వు మాత్రమే తెరవండి. మూడో రాత్రి ఒక్క బాత్రూముది. ఏ వాల్వు తెరిచిన రాత్రి మట్టం దిగిందో దొంగ ఆ లైనులో ఉన్నట్టు.

ఇక్కడ ఒక చిక్కుంది. పాత గేట్ వాల్వులు (చిన్న చక్రం తిప్పి కట్టేవి) పూర్తిగా మూసుకోవు. చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పినా లోపల సన్నగా కారుతూనే ఉంటాయి. అలాంటి వాల్వుతో చేసిన పరీక్ష అబద్ధం చెబుతుంది. అందుకే వాల్వు కట్టాక ఆ లైనులో అన్నిటికంటే కిందున్న కుళాయి తెరిచి వదిలేయండి. పైపులో మిగిలిన నీళ్ళు పోయాక ధార పూర్తిగా ఆగాలి. పావుగంట తర్వాత కూడా చుక్కలు పడుతుంటే వాల్వు పట్టడం లేదు. ముందు దాన్ని తీయించి బాల్ వాల్వు (పిడిని పావు వంతు తిప్పితే మూసుకునేది) పెట్టించండి.

లైన్లకి విడివిడిగా వాల్వులే లేకపోతే? డాబా మీద పైపులు బయటికే కనిపిస్తాయి కాబట్టి ప్రతి లైనుకీ ఒక బాల్ వాల్వు పెట్టించడం ప్లంబరుకి ఒక పూట పని. ఒక బాత్రూము టైల్స్ తీయించే ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ. నేనైతే లీకు లేకపోయినా పెట్టించమంటాను.

లైను తేలాక, ఆ లైను మీదున్న యాంగిల్ కాక్‌లన్నీ (వాష్‌బేసిన్ కింద, ఫ్లష్ ట్యాంకు పక్కన, గీజరు దగ్గర) కట్టి మళ్ళీ ఒక రాత్రి కొలవండి. ఇప్పుడు ఆగిపోతే తప్పు గోడలో కాదు, ఆ కాక్‌ల తర్వాత ఉన్న వస్తువుల్లో ఉంది.

6. ఫ్లష్ ట్యాంకు

తడి ఎక్కడా కనిపించకుండా నీళ్ళు పోతున్నాయంటే నేను ముందు చూసేది ఇదే. నీళ్ళు నేరుగా కమోడ్‌లోకి, అక్కణ్ణించి సెప్టిక్ ట్యాంకులోకి పోతాయి కాబట్టి గోడ తడవదు, నేల తడవదు.

మూత తీసి కొంచెం మిఠాయి రంగు కలపండి. అరగంటసేపు ఎవరూ ఫ్లష్ చేయకూడదు. కమోడ్‌లో రంగు కనిపిస్తే అడుగున ఉన్న రబ్బరు వాషరు పోయింది. రంగు రాకపోయినా, కమోడ్ లోపలి వెనకభాగాన్ని తుడిచి ఆరబెట్టి, పొడి టిష్యూ అంటించి చూడండి. తడి గీత పడితే సన్నగా కారుతోంది.

లోపల నిలువుగా ఉండే ఓవర్‌ఫ్లో గొట్టం అంచుదాకా నీళ్ళు వస్తుంటే ఫ్లోట్‌ని కిందికి సర్దాలి. మన బోరునీళ్ళలో ఉప్పు, ఇనుము ఎక్కువైన చోట వాషరు మీద తెల్లటి పెచ్చు, తుప్పు రంగు మడ్డి పేరుకుని సరిగా కూర్చోదు. వాషరు మార్చే ముందు అది కూర్చునే అంచుని వేలితో తడిమి శుభ్రం చేయండి. లేకపోతే కొత్త వాషరు కూడా కారుతుంది.

7. మోటారు పైపులోంచి వెనక్కి పోతున్నాయా?

లీకే లేకుండా ట్యాంకు ఖాళీ అయ్యే సందర్భం ఇది. మోటారు నుంచి వచ్చే పైపు ట్యాంకు అడుగున కలిసినా, పైనుంచి దిగి నీళ్ళలో మునిగి ఉన్నా, మోటారు దగ్గరి నాన్ రిటర్న్ వాల్వు (నీళ్ళని ఒకవైపే పోనిచ్చేది) పాడైతే నీళ్ళు వచ్చిన దారినే వెనక్కి దిగిపోతాయి.

ఎలా తెలుస్తుంది? సంపు నుంచి ఎక్కించే మోటారయితే, ఆపిన వెంటనే సంపు మూత తీసి టార్చి వేసి చూడండి. పైపులోంచి నీళ్ళు దిగుతూ కనిపించొచ్చు, లేదా సంపు మట్టం పెరుగుతుంది. బోరు సబ్‌మెర్సిబుల్ అయితే, ఇదివరకు స్విచ్ వేసిన కొన్ని క్షణాల్లోనే ట్యాంకులో పడే నీళ్ళు ఇప్పుడు చాలాసేపటికి గానీ రావడం లేదా అని గమనించండి. పైపంతా ఖాళీ అయి మళ్ళీ నిండాల్సి వస్తోందన్నమాట.

విజయనగరం రింగ్ రోడ్డు వైపు ఒక ఇంట్లో ఈ చిన్న వాల్వు చూడకుండా రెండు టాయిలెట్ల నేల తవ్వేశారు. రెండు చోట్లా పైపు పొడిగా ఉంది.

వాల్వు మార్చడంతోబాటు, వీలైతే పైపు మూతిని ట్యాంకులో నీటిమట్టానికి పైన ఉండేలా మార్పించండి. అలా ఉంటే వాల్వు మళ్ళీ పోయినా ట్యాంకు ఖాళీ అవదు.

ఓవర్‌ఫ్లో పైపుని కూడా ఇప్పుడే చూడండి. చాలా ఇళ్ళలో దాన్ని నేరుగా డ్రైన్ పైపులో కలిపేస్తారు. పొర్లిపోతున్నా ఎవరికీ తెలియదు. కరెంటు బిల్లులో మోటారు ఖర్చు మాత్రం పెరుగుతుంది. దాని మూతి కంటికి కనిపించే చోట ఉండాలి.

8. సంపు

మునిసిపల్ ఇన్‌లెట్ కట్టి, మోటారు ఆపి, 24 గంటలు మట్టం చూడండి. మూత వేసి ఉంటుంది కాబట్టి ఆవిరయ్యేది లెక్కలోకి రాదు.

మట్టం దిగి, ఒక ఎత్తులో ఆగిపోతే పగులు సరిగ్గా ఆ ఎత్తులో ఉంది. ఆ గీత వెంట సంపు నాలుగు గోడలూ, పైపు దూరిన చోటూ చూస్తే దొరుకుతుంది. అడుగుదాకా దిగితే నేల, గోడ కలిసే మూల.

నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్ళలో వానకాలంలో భూగర్భజలం బాగా పైకి వస్తుంది. అప్పుడు పగిలిన సంపులో కూడా మట్టం దిగదు, ఒక్కోసారి పెరుగుతుంది. బయటి నీళ్ళు లోపలికి వస్తున్నాయని అర్థం. పక్కన సెప్టిక్ ట్యాంకు ఉంటే ఇది ప్రమాదం. సంపు పరీక్ష వేసవిలోనే చేయండి. వానల్లో దిగకుండా తనంతట తాను పెరిగే సంపు నీళ్ళు తాగకండి.

సంపులోకి దిగాల్సి వస్తే ఒంటరిగా వద్దు. మూత తీసి చాలాసేపు గాలి ఆడనిచ్చి, మోటారు కరెంటు తీసేసి, పైన ఒక మనిషిని ఉంచి దిగండి.

9. బాత్రూము: నేలా, గోడా, తూమా?

కింద గది సీలింగ్ తడుస్తోందంటే వెంటనే "పై బాత్రూము టైల్స్ మార్చాలి" అనేస్తారు. బాత్రూములో నీళ్ళు దిగే దారులు మూడు. వాటిని విడదీయాలి, అదీ తక్కువ తడిచేసే పరీక్షతో మొదలుపెట్టి. ముందే నేలంతా నీళ్ళు నింపితే స్లాబు రోజుల తరబడి తడిగా ఉండి తర్వాతి పరీక్షలన్నీ గందరగోళమవుతాయి.

మొదట తూము. బాత్రూము రెండు రోజులు వాడకుండా ఆరనివ్వండి. ఒక గొట్టాన్ని నాహనీ ట్రాప్‌లోకి (తూము జాలీ కింద ఉండే గిన్నె) దించి, నేల తడవకుండా పావుగంట నీళ్ళు వదలండి. అలా రెండు మూడుసార్లు. కింద సీలింగ్ మీద పెన్సిలు గీత దాటితే ట్రాప్ గానీ, దాని కింది పైపు జాయింటు గానీ.

తర్వాత నేల. ట్రాప్‌ని గుడ్డ చుట్టిన బంతితో, లేదా తడి ఇసుక నింపిన పాలిథీన్ సంచితో గట్టిగా మూయండి. గడప దగ్గర తాత్కాలికంగా చిన్న గట్టు పెట్టి, అంగుళం ఎత్తు నీళ్ళు నింపి 24 గంటలు ఉంచండి. కింద తడి వస్తే టైల్స్ సందులు, నేల గోడ కలిసే మూల, లేదా ట్రాప్ చుట్టూ ఉన్న సిమెంటు.

చివర్న గోడ. నేల ఆరాక షవర్‌ని గోడ మీదికి మాత్రమే తిప్పి పావుగంట పెట్టండి. కుళాయిల చుట్టూ ఉండే గుండ్రటి స్టీలు ప్లేట్ల వెనక ఖాళీలోంచి నీళ్ళు గోడలోకి పోవడం మామూలే. దానికి సిలికాన్ పూస్తే చాలు.

రంగునీళ్ళు పోసి కింద రంగు రాలేదని నిశ్చింతగా ఉండకండి. స్లాబులోంచి ఇంకే నీళ్ళలో రంగు వడపోతకి పోతుంది. రంగు వస్తే లీకు ఖాయం, రాకపోతే ఏమీ తేలలేదు.

కమోడ్ మీద కూర్చుని అటూ ఇటూ కదిపి చూడండి. ఊగుతుంటే కింద జాయింటు వదిలి ఉంటుంది. అది వాసనతో కూడా తెలుస్తుంది.

10. స్లాబు, బయటి గోడలు

అక్టోబరు, నవంబరు తుపాన్లకి ముందే ఈ పని ముగించాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ మన జిల్లాలని తాకాయి. ఆ గాలివానలో నీళ్ళు పైనుంచి కాదు, పక్కనుంచి గోడకి కొడతాయి. మామూలు వానకి పొడిగా ఉండే గది కూడా అప్పుడు తడుస్తుంది. అలాంటి గదికి స్లాబు మీద కెమికల్ పూయించి లాభం లేదు.

స్లాబుకి: వాననీటి పైపు మూతులు కట్టి, అంగుళం నీళ్ళు నిలిపి 24 గంటలు చూడండి. పాత మద్రాసు టెర్రస్ ఇళ్ళకి (చెక్క దూలాల మీద ఇటుకలు పేర్చి వేసిన కప్పు), పెంకుటిళ్ళని కలుపుకుని కట్టిన డాబాలకి ఈ పరీక్ష వద్దు, బరువు ఆగకపోవచ్చు. వాటిని కొంచెం కొంచెంగా తడిపి చూడాలి.

బయటి గోడకి: గొట్టంతో నీళ్ళు కొట్టండి, కింది నుంచి పైకి. ముందు కిటికీ కింది అంచు, పావుగంట ఆగి కిటికీ పక్కలు, తర్వాత సన్‌షేడ్ గోడలో కలిసే చోటు, చివర్న పిట్టగోడ. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు కిందికి కారి అన్నిటినీ ఒకేసారి తడిపేస్తాయి, ఏది లీకో తెలియదు.

11. ఇంటి ఆవరణలో, నేలలో

ఇసుక నేలలో లీకు పైకి రాదు, నీళ్ళు నేరుగా కిందికి ఇంకిపోతాయి. రేగడి నేలలో ఒకచోట బురదగా నిలుస్తుంది. మే నెలలో కూడా ఒక్కచోటే గడ్డి పచ్చగా ఉందంటే అక్కడ చూడండి. అరుగు గచ్చు ఒక మూల కుంగినా, గోడ అడుగున ఒకే చోట చెదలు పదేపదే వస్తున్నా అదే అనుమానం.

మునిసిపల్ నీళ్ళు వచ్చే వేళల్లో మాత్రమే గేటు దగ్గర తడి వస్తుంటే అది వీధిలోంచి మీ ఇంటికి వచ్చే సర్వీసు పైపు. రోడ్డు వైపు మీరే తవ్వించకండి. మునిసిపాలిటీలో ఫిర్యాదు రాయించండి.

దీన్ని నీళ్ళ వృథాగా మాత్రమే చూడొద్దు. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి ఉండదు. పక్కన మురుగుకాలువ ఉంటే ఆ పగులులోంచే మురికి లోపలికి చేరుతుంది. కుళాయి వచ్చిన మొదటి కొన్ని నిమిషాలు నీళ్ళు మడ్డిగా గానీ, వాసనగా గానీ ఉంటే ఆ నీళ్ళు వంటకీ, తాగడానికీ పట్టకండి. బాగయ్యేదాకా కాచి చల్లార్చిన నీళ్ళే తాగండి, ముఖ్యంగా పసిపిల్లలున్న ఇంట్లో.

12. లైను దొరికింది, చోటు ఎలా?

రాత్రి ఫ్యాన్లు ఆపి, స్క్రూడ్రైవరు మొనని కుళాయి లోహం మీద ఆనించి, పిడిని చెవికి ఆనించండి. నీళ్ళు కారుతుంటే సన్నటి బుస వినిపిస్తుంది. ఒక్కో కుళాయి దగ్గరా విని, ఎక్కడ గట్టిగా ఉందో గుర్తు పెట్టండి. జీఐ పైపులో శబ్దం బాగా నడుస్తుంది, ప్లాస్టిక్‌లో చాలా తక్కువ. పైగా డాబా మీది ట్యాంకు ఇచ్చే ఒత్తిడి కొంచెమే. 10 మీటర్ల ఎత్తుకి చదరపు సెంటీమీటరు మీద దాదాపు 1 కేజీ. అందుకే వినిపించకపోతే లీకు లేదని కాదు.

టైల్ మీద తట్టి, డొల్ల శబ్దం వచ్చిన చోట పగలగొట్టేవాళ్ళున్నారు. డొల్లగా ఉందంటే టైల్ కింద సిమెంటు సరిగా లేదని మాత్రమే. దాన్ని నమ్మకండి.

పైపులో ఒత్తిడి పెట్టి ముల్లు మీద చూపించే చిన్న చేతిపంపు ప్లంబరు దగ్గర ఉంటే ప్రెషర్ పరీక్ష చేయించండి. గీజరు విడదీసి, కుళాయిలు తీసి ప్లగ్గులు బిగించి, పైపులో గాలి పూర్తిగా పోయేలా నింపి ఒత్తిడి పెట్టాలి. గాలి మిగిలితే ముల్లు దానంతట అదే కదులుతుంది. అరగంటలో ముల్లు దిగితే ఆ లైను లీకు. పాత జీఐకి కొత్త పైపుకి పెట్టినంత ఒత్తిడి పెట్టనివ్వకండి, బలహీనంగా ఉన్న మరో చోట పగులుతుంది.

థర్మల్ కెమెరా, హైడ్రోజన్ నైట్రోజన్ గ్యాసుతో వెతికే పద్ధతులు కూడా ఉన్నాయి. ఆ పనివాళ్ళు కావాలంటే విశాఖ వైపు వాకబు చేయాల్సి రావచ్చు. కెమెరాకి నీళ్ళు కనిపించవు, వేడి తేడా మాత్రమే కనిపిస్తుంది. గీజరు వేడినీళ్ళ లైనుకి అది బాగా పనికొస్తుంది. పాలరాయి, గ్రానైట్ పరిచిన నేల కింద లీకయితే ఈ ఖర్చు పెట్టొచ్చు. మామూలు టైల్స్‌కి పై దశలు చాలు.

13. పగలగొట్టించే ముందు సరిచూసుకోండి

- ట్యాంకు పరీక్ష కనీసం రెండు రాత్రులు ఒకే జవాబు ఇచ్చిందా?
- వాల్వులు పూర్తిగా పడుతున్నాయని చూశారా?
- ఫ్లష్ ట్యాంకు, నాన్ రిటర్న్ వాల్వు, ఓవర్‌ఫ్లో చూశారా?
- ఆ గోడలో కరెంటు వైర్లు ఎక్కడున్నాయో తెలుసా? మెయిన్ ఆపారా?
- అదే డిజైను టైల్స్ మిగిలాయా?
- ముందు ఎల్బో (పైపు మలుపు), టీ (పైపు చీలే జాయింటు) ఉన్న చోట ఒక్క టైల్ మాత్రమే తీయమని చెప్పారా?

14. బాగుచేసేటప్పుడు జరిగే తప్పులు

తడి పైపు మీద ఎమ్-సీల్ అద్దడం. అది అంటుకోదు. ఆరిన పైపు మీద కూడా తాత్కాలికమే. ప్లాస్టిక్‌లో పగిలిన ముక్క కోసి, కప్లర్లు (రెండు ముక్కల్ని కలిపే తొడుగులు) వేసి అతికించాలి.

పీవీసీ గమ్ముని సీపీవీసీకి వాడడం. రెండూ వేరు. డబ్బా మీద చదవండి, అతికించాక ఎంతసేపటికి నీళ్ళు వదలాలో కూడా దానిమీదే ఉంటుంది. "గంటలో వదిలేద్దాం" అంటే ఒప్పుకోకండి.

మరలున్న ప్లాస్టిక్ ఫిట్టింగుని బలంగా బిగించడం. ఆ రోజు బాగానే ఉంటుంది, కొన్ని నెలల తర్వాత సన్నగా చీలుతుంది. కుళాయి బిగించే చోట ఇత్తడి మరలున్న ఎల్బో వేయించండి. టెఫ్లాన్ టేపుని మర బిగిసే దిక్కులోనే చుట్టాలి.

పాత జీఐ పైపుకి ఒకచోట అతుకు వేయడం. ఒకచోట తుప్పు తిన్నదంటే మిగతాది కూడా అదే దారిలో ఉంది. ఆ లైనుని గోడలోనే వదిలేసి, నీళ్ళు ఆపేసి, బయటినుంచి కొత్త సీపీవీసీ లైను వేయించడం నా సలహా. చూడ్డానికి అంత బాగుండకపోవచ్చు. కానీ రేపు కారినా కంటికి కనిపిస్తుంది.

చెమ్మ గోడకి వాటర్‌ప్రూఫ్ పెయింటు వేసేయడం. లోపలి నీళ్ళు ఆగవు, పక్కకి జరిగి మరో చోట పెచ్చులు ఊడదీస్తాయి.

15. మూసే ముందు

అతుకు వేశాక ఆ గుంట 24 గంటలు తెరిచే ఉంచండి. లైను నింపి, జాయింటు చుట్టూ పొడి టిష్యూ చుట్టి ఉంచితే సన్నటి కారుడు కూడా తెలిసిపోతుంది. ఆ రాత్రి ట్యాంకు పరీక్ష మళ్ళీ చేయండి. మట్టం దిగలేదని చూశాకే తాపీమేస్త్రిని పిలవండి. మూసే ముందు టేపు ఆనించి, పైపు నేల నుంచి ఎంత ఎత్తులో, మూల నుంచి ఎంత దూరంలో ఉందో కనిపించేలా ఫొటో తీసుకోండి.

గోడ ఆరడానికి వారాలు పడుతుంది, వానకాలమైతే ఇంకా ఎక్కువ. ఉబ్బిన పెయింటు, వదులైన ప్లాస్టరు గీకేసి, ఉప్పు పొడిని పొడి బ్రష్‌తో దులపండి. నీళ్ళతో కడిగితే అది మళ్ళీ లోపలికే పోతుంది. తర్వాత పాలిథీన్ షీటు ఒక రాత్రి అంటించి చూడండి. లోపలివైపు పొడిగా ఉంటే అప్పుడు పుట్టీ, ఆ తర్వాత రంగు.